టీకాలు వేసిన నగరంలో తట్టు ఎందుకు ప్రబలుతుంది?

నూటికి తొంభై మందికి పైగా పిల్లలకు తట్టు టీకా పడిందని లెక్కలు చెబుతున్న నగరంలోనే, ఏదో ఒక బస్తీలో పదుల కొద్దీ పిల్లలు ఒంటినిండా దద్దుర్లతో, ఎర్రబడిన కళ్లతో, తగ్గని జ్వరంతో ఆసుపత్రి పాలవుతుంటారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు మాటలు వినిపిస్తాయి. ప్రభుత్వ లెక్కలన్నీ కాకిలెక్కలని ఒక మాట, టీకాలో పస లేదని మరో మాట. చాలా సందర్భాల్లో రెండూ పొరపాటే. నగరం మొత్తానికి తీసిన సగటు సరైనదే అయినా, టీకా చక్కగా పనిచేస్తున్నా, తట్టు ఒక మూలన ప్రబలగలదు. అది ఎలా జరుగుతుందో అర్థం చేసుకుంటే తప్ప, బెంగళూరు లాంటి నగరంలో ఏ పిల్లలు ప్రమాదం అంచున ఉన్నారో కనిపించదు. ఆ పిల్లల్లో తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలు గణనీయంగా ఉంటారు కాబట్టి ఈ విషయం మనకు మరింత దగ్గరిది.

తట్టు వైరస్‌కు మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు. దోమలు మోసుకురావు, నీటిలో నిలవ ఉండదు, జంతువుల్లో దాక్కోదు. అయినా అంటుకునే వేగంలో దానికి సాటి వచ్చే జబ్బులు చాలా తక్కువ. రోగి దగ్గినా తుమ్మినా గాలిలో చేరిన వైరస్, ఆ మనిషి గది విడిచి వెళ్లిపోయిన తరువాత కూడా రెండు గంటల దాకా అక్కడ బతికి ఉండగలదు. రక్షణ లేని పది మంది రోగికి దగ్గరగా మెలిగితే తొమ్మిది మందికి సోకుతుంది. అన్నిటికంటే చిక్కు ఏమిటంటే, దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే రోగి ఇతరులకు జబ్బు అంటిస్తాడు. అప్పటికి ఉన్నది మామూలు జలుబు, దగ్గు, జ్వరం, కళ్లు నీరు కారడం మాత్రమే. ఇంట్లో వాళ్లు తట్టు అని గుర్తించి బిడ్డను విడిగా పడుకోబెట్టే సమయానికి జరగవలసిన నష్టంలో చాలా భాగం జరిగిపోయి ఉంటుంది.

ఎవరికీ రక్షణ లేని జనంలో ఒక్క తట్టు రోగి సగటున 12 నుంచి 18 మందికి జబ్బు అంటిస్తాడని అంచనా. మధ్యలో 15 అనుకుందాం. ఆ పదిహేను మందిలో పద్నాలుగు మందికి ముందే రక్షణ ఉంటే, వైరస్‌కు దొరికేది ఒక్కరే. ఆ ఒక్కరి నుంచి మరొక్కరు. గొలుసు సాగీ సాగక తెగిపోతుంది. అందుకే సమాజంలో 92 నుంచి 95 శాతం మందికి రోగనిరోధకత ఉండాలని వైద్యశాస్త్రం చెబుతుంది. ఆ గీత దాటిన చోట టీకా వేయించుకోలేని పసికందులకూ, కాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లలకూ చుట్టూ ఉన్నవాళ్ల రక్షణే కాపుదలగా నిలుస్తుంది.

అయితే ఈ లెక్క ఒక షరతు మీద ఆధారపడి ఉంది. టీకా పడని వాళ్లు జనమంతటిలో సమానంగా చెదిరి ఉండాలి. ఒక నగరంలో లక్ష మంది పిల్లలున్నారనీ, వాళ్లలో 95 వేల మందికి టీకా పడిందనీ అనుకుందాం. మిగిలిన 5 వేల మంది ప్రతి వీధిలో ఒకరిద్దరుగా విడివిడిగా ఉంటే వైరస్‌కు దారి దొరకడం కష్టం. అదే 5 వేల మంది, పది వేల మంది పిల్లలుండే కొన్ని బస్తీలలోనే కలిసి ఉంటే, నగర సగటు 95 శాతంగానే నిలిచి ఉంటుంది కానీ ఆ బస్తీలలో ప్రతి ఇద్దరిలో ఒకరికి రక్షణ ఉండదు. అక్కడ మొదటి రోగి ఏడెనిమిది మందికి అంటిస్తాడు, వాళ్లు ఒక్కొక్కరూ మరో ఏడెనిమిది మందికి. ఒక రోగికి సోకి మరొకరిలో బయటపడేందుకు రెండు వారాలు సరిపోతాయి కాబట్టి నెలా రెండు నెలల్లో బస్తీ అంతా చుట్టబెడుతుంది. నగరంలో సగటున నమోదైన వాన అయిదు సెంటీమీటర్లే అయినా ఒక్క ప్రాంతంలోనే కుండపోతగా కురిసి ఇళ్లు మునగడం బెంగళూరు వాసులకు కొత్త కాదు. సగటు చెప్పే మాట ఆ మునిగిన ఇంటికి ఎంత ఉపయోగమో, తట్టు విషయంలో నగర శాతం కూడా అంతే.

ప్రపంచంలో దీనికి చాలాకాలంగా అందరూ చెప్పుకునే ఉదాహరణ నెదర్లాండ్స్. ఆ దేశంలో పిల్లలకు టీకాలు వేయించడం దశాబ్దాలుగా 95 శాతం చుట్టూ ఉండేది. కానీ దేశాన్ని నైరుతి నుంచి ఈశాన్యం దాకా ఏటవాలుగా కోసుకుంటూ పోయే ఒక పట్టీలో, దేవుడి సంకల్పానికి అడ్డుపడకూడదన్న నమ్మకంతో టీకాకు దూరంగా ఉండే సనాతన ప్రొటెస్టెంట్ కుటుంబాలు నివసిస్తాయి. 1999–2000లో అక్కడ మూడు వేలకు పైగా కేసులు నమోదై ముగ్గురు మరణించారు. 2013–14లో మళ్లీ సుమారు 2,700 కేసులు వచ్చాయి. గమనించవలసింది ఏమిటంటే, ఆ పట్టీకి పక్కనే ఉన్న పట్టణాలలో వ్యాధి పెద్దగా పుంజుకోలేదు కానీ, 2014లో కెనడా పశ్చిమ కొసన ఉన్న బ్రిటిష్ కొలంబియాలోని ఫ్రేజర్ లోయలో, డచ్ మూలాలున్న అదే సంప్రదాయపు సమాజంలో నాలుగు వందలకు పైగా కేసులు వచ్చాయి. పక్క ఊరిని విడిచి, ఒక మహాసముద్రాన్ని దాటి, బంధుత్వాల వెంట, చర్చి సంబంధాల వెంట వైరస్ ప్రయాణించింది. రక్షణ లేని గుంపు అంటే మ్యాపు మీద గీసిన ప్రాంతం కానక్కరలేదనీ, కలిసి మెలిసి తిరిగే మనుషుల బంధం కూడా కావచ్చుననీ ఆ సంఘటన చెబుతోంది. బెంగళూరు విషయానికి వచ్చినప్పుడు ఈ సంగతి మళ్లీ అవసరపడుతుంది.

అమెరికాలో 2000లో తట్టు నిర్మూలన జరిగిందని, అంటే దేశంలో ఏడాది పాటు తెగకుండా సాగే గొలుసు లేదని ప్రకటించారు. ఆ తరువాత అక్కడ వచ్చిన పెద్ద విజృంభణలన్నీ దాదాపు ఇదే దారిలో నడిచాయి. మిన్నెసోటా రాష్ట్రంలో స్థిరపడిన సోమాలీ కుటుంబాలు మొదట టీకాల విషయంలో ఎవరికీ తీసిపోలేదు. 2004లో వాళ్ల పిల్లల్లో 92 శాతం మందికి టీకా పడింది. ఈ టీకా వల్ల ఆటిజం వస్తుందన్న భయాన్ని టీకా వ్యతిరేకులు వాళ్ల సభలకు వచ్చి మరీ నాటడంతో 2014కల్లా అది 42 శాతానికి పడిపోయింది. 2017లో 75 కేసులు వచ్చాయి, వాటిలో ఎక్కువ భాగం ఆ పిల్లలే. న్యూయార్క్ నగరంలో 2018–19లో వచ్చిన 649 కేసులు ప్రధానంగా విలియమ్స్‌బర్గ్, బరో పార్క్ ప్రాంతాల సనాతన యూదు కుటుంబాలకు పరిమితమయ్యాయి. 2025లో టెక్సాస్ రాష్ట్రంలో 762 కేసులు నమోదై, టీకా పడని ఇద్దరు పిల్లలు చనిపోయారు. దాని కేంద్రం గేన్స్ అనే చిన్న కౌంటీ, అందులోనూ ముఖ్యంగా మెన్నొనైట్ అనే క్రైస్తవ శాఖకు చెందిన సమాజం. కెనడాలోనూ ఇలాంటి సమాజాల మధ్య ఏడాదికి పైగా గొలుసు తెగకుండా అయిదు వేలకు పైగా కేసులు రావడంతో, 2025 నవంబరులో ఆ దేశం తట్టు నిర్మూలించిన దేశమన్న హోదాను కోల్పోయింది.

ఆటిజం భయానికి మూలమైన పరిశోధనా పత్రం 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ బృందం లాన్సెట్ పత్రికలో ప్రచురించినది. పన్నెండు మంది పిల్లల మీద ఆధారపడిన ఆ పత్రాన్ని 2010లో పత్రికే ఉపసంహరించుకుంది, ఆయన వైద్యుడిగా పనిచేసే హక్కును కూడా బ్రిటన్ రద్దు చేసింది. లక్షలాది పిల్లల మీద తరువాత జరిగిన అధ్యయనాలు టీకాకూ ఆటిజానికీ సంబంధం లేదని తేల్చాయి. అయినా భయం మిగిలింది.

ఈ విదేశీ ఉదాహరణలన్నీ చదివి, మన దేశంలోనూ తట్టు వస్తున్నది టీకాను నమ్మనివాళ్ల వల్లేనని తీర్మానించుకోవడం పెద్ద పొరపాటు అవుతుంది. రక్షణ లేని గుంపులు రెండు రకాలుగా ఏర్పడతాయి. ఒకటి, టీకా గుమ్మం దాకా వచ్చినా వద్దనేవాళ్లది. రెండోది, కావాలనుకున్నా టీకా అందనివాళ్లది. 2022 చివర్లో ముంబయిలో గోవండీ ప్రాంతాన్ని కుదిపేసిన విజృంభణలో ఈ రెండూ కలగలిసి ఉన్నాయి. కోవిడ్ కాలంలో పుట్టి టీకాల తేదీలు తప్పిపోయిన పిల్లలు, ఇరుకు గదులు, పోషకాహార లోపం, వలస వచ్చి వెళ్లే కుటుంబాలు, వీటికి తోడు అక్కడక్కడా అనుమానాలు. పది మందికి పైగా పిల్లలు చనిపోయారు. మాలెగావ్, భివండీ పట్టణాలకు కూడా పాకింది. ముంబయి సగటు చూసినవాళ్లెవరూ గోవండీని ఊహించి ఉండరు.

బెంగళూరులో ఉన్నది ఎక్కువగా రెండో రకమే. సర్జాపుర రోడ్డు, వర్తూరు, వైట్‌ఫీల్డ్, హెణ్ణూరు వైపు కొత్త అపార్టుమెంట్లు లేస్తున్న చోటల్లా వాటి పక్కనే నీలిరంగు టార్పాలిన్లూ రేకుల షెడ్లూ వరుసగా కనిపిస్తాయి. వాటిలో అనంతపురం, కర్నూలు, పాలమూరు పల్లెల నుంచి వచ్చిన వాళ్లు, యాదగిరి, రాయచూరు నుంచి వచ్చిన వాళ్లు, బెంగాల్, ఒడిశాల నుంచి వచ్చిన వాళ్లు ఉంటారు. తెలుగు కూలీలు సాధారణంగా ఒంటరిగా రారు. ఒక మేస్త్రి తన ఊరి నుంచో చుట్టుపక్కల ఊళ్ల నుంచో పది ఇరవై కుటుంబాలను అడ్వాన్సు ఇచ్చి తీసుకొస్తాడు. అంటే ఊళ్లో ఒకే వీధిలో పెరిగిన పిల్లలు ఇక్కడా ఒకే షెడ్ల వరుసలో పెరుగుతారు. ఊళ్లో ఒకేసారి టీకా తప్పినవాళ్లు ఇక్కడా ఒకే చోట ఉంటారు. ఫ్రేజర్ లోయకు వైరస్‌ను చర్చి బంధాలు మోసుకెళ్లినట్టే, ఇక్కడ మేస్త్రి బంధం దానికి దారి కాగలదు.

ఈ కుటుంబాలకు టీకా మీద పంతం ఏమీ లేదు. వాళ్ల పిల్లల టీకా కార్డును తెరిచి చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. కాన్పు పుట్టింట్లో జరిగింది కాబట్టి పుట్టిన వెంటనే వేసే బీసీజీ, పోలియో చుక్కలు పడి ఉంటాయి. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం గడులలో టీకాలు వేసే ఊరి నర్సు (ఏఎన్ఎం) చేతిరాతతో తేదీలు ఉంటాయి. ఆ తరువాత గడి ఖాళీ. మూడో నెలో అయిదో నెలో నిండాక తల్లీబిడ్డా పుట్టింటి నుంచి బయలుదేరి పని చోటికి వచ్చేస్తారు. తట్టు, రుబెల్లాలకు కలిపి వేసే ఎంఆర్ టీకా మొదటి మోతాదు తొమ్మిది నెలలు నిండాక, రెండోది పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య. కుటుంబం ఊరి జాబితా నుంచి జారిపోయి నగర జాబితాలోకి ఇంకా ఎక్కని ఆ సందులోనే ఈ తేదీలు వస్తాయి. కార్డు కూడా చాలాసార్లు పుట్టింటి పెట్టెలోనే ఉండిపోతుంది.

ఒక్క మోతాదు కూడా పడని పిల్లలను వెతికి పట్టుకునే కార్యక్రమాలు దేశమంతటా నడుస్తున్నాయి. కానీ అక్కడ వాడే కొలమానం, అయిదు జబ్బులకు కలిపి ఆరో వారంలో వేసే పెంటావాలెంట్ టీకా మొదటి మోతాదు. పైన చెప్పిన బిడ్డకు ఆ టీకా మూడుసార్లూ పడింది. కాబట్టి ఆ వెతుకులాటలో ఈ బిడ్డ దొరకడు. అంతా సక్రమంగా ఉన్న పిల్లల వరుసలో చేరిపోతాడు, తట్టు నుంచి మాత్రం ఏ రక్షణా ఉండదు.

నగరానికి వచ్చాక వేయించుకోవచ్చు కదా అనే ప్రశ్న సహజంగా వస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో టీకా రోజులు సాధారణంగా బుధవారం, శనివారం. కర్ణాటకలో ప్రధానంగా గురువారం. కట్టడం పని చేసేవాళ్లకు సెలవు ఆదివారం. గురువారం ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలంటే తల్లి ఒక రోజు కూలి వదులుకోవాలి, ఇటుకలందించే మనిషి ఒకరు తగ్గినందుకు మేస్త్రి విసుగును భరించాలి, ఆటోకు డబ్బులు పెట్టుకోవాలి. అన్నీ చేసి వెళ్లినా పని అవుతుందన్న భరోసా లేదు. ఎంఆర్ టీకా పొడి రూపంలో, ఒక సీసాలో పలు మోతాదులుగా వస్తుంది. దాన్ని ద్రావణంతో కలిపాక నాలుగు గంటల్లోపు వాడేయాలి, మిగిలినది పారేయాలి. పెంటావాలెంట్, పోలియో టీకాల సీసాలైతే సరైన చల్లదనంలో ఉంచినంత కాలం తెరిచాక కూడా 28 రోజుల దాకా వాడుకోవచ్చు. తట్టు టీకాకు ఆ వెసులుబాటు లేదు. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలనే నియమం చెబుతుంది. కానీ మిగిలిన మోతాదులు వృథా అయ్యాయని పైవాళ్లు అడుగుతారన్న బెరుకుతో, నలుగురు పోగయ్యాక వేద్దాం, వచ్చే వారం రండి అని పంపేయడం దేశమంతటా ఉన్న అలవాటు. ఆ వచ్చే వారానికి ఆ కుటుంబం హోసకోటె దగ్గర ఇంకో సైటుకు మారిపోయి ఉండవచ్చు. నిరక్షరాస్యత వల్ల, అశ్రద్ధ వల్ల టీకాలు వేయించుకోరని ఈ తల్లుల మీద సులువుగా వేసే నింద అన్యాయమైనది. గడి ఖాళీగా ఉండటానికి కారణం వాళ్ల మనసులో కంటే మన ఏర్పాట్లలోనే ఎక్కువగా ఉంది.

లెక్కలలో ఈ పిల్లలు మాయమయ్యే తీరు కూడా గమనించదగినది. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఏడాది నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో అన్ని ప్రాథమిక టీకాలూ పడినవాళ్లు కర్ణాటకలో 84 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 73 శాతం. బెంగళూరు షెడ్డులో పెరుగుతున్న రాయలసీమ బిడ్డ ఈ రెండింటిలో ఏ లెక్కలోకి వస్తాడు? ఊళ్లో పుట్టినట్టు నమోదైన బిడ్డకు అక్కడ టీకా పడదు, ఇక్కడ పడితే ఇక్కడి జననాల పద్దులో ఆ బిడ్డ ఉండడు. అందుకే కొన్ని నగర వార్డులలో వంద శాతానికి మించిన అంకెలు అప్పుడప్పుడు కనిపిస్తాయి. పక్కనే టీకా పడని షెడ్లున్నా ఆ అంకె కిందికి దిగదు.

ఇలా ఏటా తప్పిపోయేవాళ్లు పోగవుతూ వస్తారన్నది మరో ముఖ్యమైన విషయం. ఏటా రెండు వందల మంది పిల్లలు పుట్టే ఒక బస్తీ ఉందనుకుందాం. వాళ్లలో నూటికి ఎనభై మందికి మొదటి మోతాదు పడింది, రెండోది ఎవరికీ పడలేదు. తొమ్మిది నెలల వయసులో వేసిన ఒక్క మోతాదు సుమారు 85 శాతం మందికి రక్షణ ఇస్తుంది. అంటే 160 మందిలో 136 మందికి రక్షణ వచ్చింది, 64 మంది మిగిలారు. మూడేళ్లలో ఆ మిగులు 192. దాదాపు ఒక ఏడాదిలో పుట్టే పిల్లలంత మంది పోగుపడితే పెద్ద విజృంభణకు రంగం సిద్ధమైనట్టేనని ఈ రంగంలో పనిచేసేవాళ్లు లెక్క కడతారు. మూడేళ్లపాటు ఒక్క కేసు కూడా లేకుండా ప్రశాంతంగా ఉన్న బస్తీలో ఒక్కసారిగా తట్టు విరుచుకుపడితే అది ఆకస్మికం కాదు. రెండో మోతాదు మొదటిదానికి అదనపు హంగు అనుకోవడం సరికాదని కూడా ఈ లెక్క చెబుతోంది. మొదటి మోతాదు పనిచేయని పిల్లలను అందుకోవడమే దాని ప్రధాన ఉద్దేశం. రెండూ పడితే రక్షణ 97 శాతానికి చేరుతుంది.

మన దేశంలో తట్టు చలికాలం చివరి నుంచి వేసవి మొదటి దాకా ఎక్కువగా ప్రబలుతుంది. సంక్రాంతికి ఊరికి వెళ్లి తిరిగి రావడం, ఉగాదికి మళ్లీ వెళ్లడం, ఊరి జాతరలు, పెళ్లిళ్లు అన్నీ ఆ నెలల్లోనే పడతాయి. ఒకే బస్సులో, ఒకే జనరల్ బోగీలో ఒళ్లో పిల్లలతో గంటల తరబడి కూర్చునే ప్రయాణాలవి. ఊళ్లో మొదలైన గొలుసు నగరానికీ, నగరంలో మొదలైనది ఊరికీ పాకడానికి ఇంతకంటే అనువైన కాలం ఉండదు.

విజృంభణ మొదలయ్యాక తప్పనిసరిగా వినిపించే మాట ఒకటి ఉంది: టీకా వేసుకున్నవాళ్లకు కూడా వచ్చింది కదా అని. అది నిజమే, దాని అర్థం మాత్రం వేరు. వెయ్యి మంది పిల్లల్లో 950 మందికి రెండు మోతాదులూ పడ్డాయనీ, 50 మందికి అసలు పడలేదనీ, వైరస్ అందరినీ తాకిందనీ అనుకుందాం. టీకా పడనివాళ్లలో నూటికి తొంభై మంది చొప్పున 45 మందికి వస్తుంది. పడినవాళ్లలో మూడు శాతం చొప్పున 28 మందికి వస్తుంది. మొత్తం 73 మంది రోగులలో 28 మంది, అంటే మూడో వంతుకు పైగా టీకా వేసుకున్నవాళ్లే. వార్తలో ఆ వంతు మాత్రమే కనిపిస్తే టీకా దండగ అనిపిస్తుంది. ఒక్కో బిడ్డకు ఉన్న ముప్పును చూస్తే టీకా లేని బిడ్డకు ముప్ఫై రెట్లు ఎక్కువ. నగరంలో టీకాలు ఎంత ఎక్కువమందికి పడితే, వచ్చే కొద్దిపాటి కేసులలో టీకా వేసుకున్నవాళ్ల వాటా అంత పెద్దదిగా కనిపిస్తుంది. ఇది లెక్కలోంచి వచ్చే ఫలితమే.

వద్దనేవాళ్లు బెంగళూరులో అసలు లేరని చెప్పడం కూడా సరికాదు. 2017 ఫిబ్రవరిలో ఎంఆర్ టీకా ప్రచారం దేశంలో మొదటగా మొదలైన రాష్ట్రాలలో కర్ణాటక, తమిళనాడు ఉన్నాయి. తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ల లోపు పిల్లలందరికీ, చాలావరకు బడులలోనే వేశారు. అప్పుడు వాట్సాప్‌లో చుట్టిన వదంతులను నమ్మి పిల్లలను ఆ రోజు బడికి పంపని తల్లిదండ్రులలో చదువుకున్నవాళ్లు, మంచి ఫీజులు కట్టేవాళ్లు కూడా ఉన్నారు. సహజంగా వచ్చే రోగనిరోధకతే మేలనే అభిప్రాయం కొన్ని అపార్టుమెంటు గ్రూపులలో ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. ఆ సహజ రోగనిరోధకత కోసం బిడ్డ చెల్లించే మూల్యం ఏమిటో ఆ సందేశాలలో ఉండదు. తట్టు వల్ల న్యుమోనియా, తీవ్రమైన విరేచనాలు వస్తాయి. విటమిన్ ఎ తక్కువైన పిల్లలకు చూపు పోవచ్చు. వెయ్యిలో ఒకరికి మెదడు వాపు వస్తుంది. తట్టు తగ్గిపోయిన ఏళ్ల తరువాత మెదడును క్రమంగా క్షీణింపజేసి ప్రాణం తీసే అరుదైన జబ్బు కూడా దాని పర్యవసానమే. అంతకుముందు ఇతర జబ్బుల మీద శరీరం సంపాదించుకున్న రక్షణను సైతం తట్టు చెరిపేస్తుంది; 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, తట్టు వచ్చిన పిల్లల్లో అప్పటిదాకా ఉన్న యాంటీబాడీలలో 11 నుంచి 73 శాతం దాకా మాయమైనట్టు తేలింది.

పైగా ఆ అపార్టుమెంటుకూ పక్కనున్న షెడ్లకూ మధ్య గోడ ఉంది కానీ గాలికి అడ్డు లేదు. ఇంటిపనికి వచ్చే అమ్మ చంకలో బిడ్డ ఉంటుంది, లిఫ్టు ఒకటే. తొమ్మిది నెలలు నిండని పసిబిడ్డ ఏ ఇంట్లో ఉన్నా ఆ బిడ్డకు టీకా రక్షణ లేనట్టే. తల్లి నుంచి వచ్చిన రక్షణ, ముఖ్యంగా తల్లికి వచ్చినది జబ్బు వల్ల కాక టీకా వల్ల అయితే, అంతకు ముందే పలచబడిపోతుంది.

జబ్బు మొదలైన సంగతి అధికారులకు చేరడంలోనూ ఆలస్యం జరుగుతుంది. తెలుగు ఇళ్లలో తట్టు వస్తే అమ్మవారు పోసిందని వేపాకు పరిచి బిడ్డను పడుకోబెట్టే ఆచారం ఇంకా ఉంది. బిడ్డను విడిగా ఉంచడం, విశ్రాంతి ఇవ్వడం మంచివే. మందు ముట్టించకూడదనీ, ఆసుపత్రికి తీసుకెళ్లకూడదనీ అనుకోవడమే ప్రాణాల మీదికి తెస్తుంది. తట్టు ఉన్న బిడ్డకు వరుసగా రెండు రోజులు వయసును బట్టి విటమిన్ ఎ ఇస్తే కంటికీ ప్రాణానికీ ఉన్న ముప్పు తగ్గుతుంది, అది ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా దొరుకుతుంది. ఆచారాన్ని ఎగతాళి చేస్తే తల్లి దాచేస్తుంది. వేపాకు ఉండనిచ్చి, బిడ్డను డాక్టరుకు చూపించి, రక్త పరీక్షకు ఒప్పించే ఆశా కార్యకర్త ఆ బస్తీ మొత్తానికి మేలు చేస్తుంది. జ్వరంతో దద్దుర్లు వచ్చిన ప్రతి బిడ్డనూ పరీక్షించాలనీ, తట్టు, రుబెల్లా రెండూ కావని తేలిన కేసులు కూడా ఏటా లక్ష జనాభాకు కనీసం రెండు ఉండాలనీ నిర్మూలన ప్రమాణాలు చెబుతాయి. అలాంటి కేసు ఒక్కటి కూడా నమోదు కాని ప్రాంతంలో తట్టు లేదని కాదు, అక్కడ ఎవరూ చూడటం లేదని అర్థం.

గుంపు ఎలా ఏర్పడిందో దాన్ని బట్టే పరిష్కారం ఉండాలి. న్యూయార్క్‌లో జరిమానాలు విధించి, మత కారణంతో మినహాయింపు పొందే వీలును 2019 జూన్‌లో చట్టం నుంచే తీసేశారు. అదే సమయంలో ఆ సమాజానికే చెందిన నర్సులు ఇళ్లకు వెళ్లి, తల్లులతో కూర్చుని మాట్లాడారు. మిన్నెసోటాలో సోమాలీ మాట్లాడే ఆరోగ్య కార్యకర్తలు, ఇమాములు ఆ పని చేశారు. నమ్మకం సడలిన చోట తన మనిషి చెప్పే మాటకు ఉన్న బలం మరెవరి మాటకూ ఉండదు. బెంగళూరు షెడ్లలో కావలసినది వేరు. అక్కడి తల్లికి ఉపన్యాసం అక్కరలేదు, ఆదివారం ఉదయం సైటు గేటు దగ్గర టీకా పెట్టె ఉంటే చాలు. తెలుగులో ఒక్క మాట చెప్పగల ఏఎన్ఎం, ఏ కుటుంబం ఎప్పుడు వచ్చిందో ఎప్పుడు మారుతుందో తెలిసిన మేస్త్రి సహకారం, రెండూ తోడైతే ఖాళీ గడులు త్వరగా నిండుతాయి. యాభై మందికి మించి మహిళా కూలీలున్న నిర్మాణ స్థలంలో ఆరేళ్ల లోపు పిల్లలకు శిశు సంరక్షణ గది ఏర్పాటు చేయాలని 1996లోనే భవన నిర్మాణ కార్మికుల చట్టం నిర్దేశించింది. ఆ గదులు నిజంగా నడిచిన చోట పిల్లలు ఒకే చోట దొరుకుతారు, పేర్ల పట్టీ ఉంటుంది, ఎవరికి ఏ మోతాదు బాకీ ఉందో ఒక్క పూటలో తేలిపోతుంది. ఆ గది ఉందా లేదా అని తనిఖీ చేసే కార్మిక శాఖకు తాను టీకా కార్యక్రమంలో భాగమన్న ఆలోచన ఉందా అన్నది సందేహమే, ఉండి తీరాలి.

ఒక్క కేసు బయటపడినప్పుడు సమయమే ముఖ్యం. రోగితో కలిసి మెలిసిన వాళ్లకు 72 గంటల్లోపు టీకా వేస్తే చాలామందిలో జబ్బును ఆపవచ్చు లేదా తీవ్రత తగ్గించవచ్చు. విజృంభణ ఉన్న ప్రాంతంలో ఆరు నెలలు నిండిన పసిపిల్లలకు కూడా అదనంగా ఒక మోతాదు వేస్తారు. 2022లో ముంబయిలో కేంద్రం ఇదే సలహా ఇచ్చింది. ఆ మోతాదు మామూలు రెండింటి లెక్కలోకి రాదు, తొమ్మిదో నెలదీ పదహారో నెలదీ విడిగా వేయించవలసిందే.

ఊరు మారే కుటుంబాల పిల్లల వివరాలు దేశంలో ఎక్కడైనా తెరిచి చూసే వీలుతో యూ-విన్ అనే డిజిటల్ నమోదు వచ్చింది. అయితే ఊళ్లో తల్లి ఇచ్చిన ఫోను నంబరు నగరానికి వచ్చేసరికి మారిపోయి ఉంటే ఆ వివరాలు దొరకడం కష్టమే. కాన్పుకు వెళ్లిన ఊళ్లోనే టీకా కార్డును ఫోనులో ఫొటో తీసుకుని పెట్టుకోవడం అన్నిటికంటే సులువైన పని. కార్డు పోయినా, ఫొటో లేకపోయినా, ఎన్ని మోతాదులు పడ్డాయో తల్లికి గుర్తు లేకపోయినా టీకా నిరాకరించడానికి అది కారణం కాదు. తొమ్మిదో నెల దాటిపోయిన బిడ్డకు జాతీయ కార్యక్రమంలో అయిదేళ్లు నిండేవరకు ఎంఆర్ టీకా వేయవచ్చు, రెండు మోతాదుల మధ్య కనీసం నాలుగు వారాల ఎడం ఉంటే సరిపోతుంది. అప్పటికే టీకా పడిన బిడ్డకు మరొకసారి పడినా హాని లేదు.